మృగముల నడక – మనుష్యుల విద్య



గ్రంథాలయ రజతోత్సవమున సాముగరిడీలను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. పుస్తకమునకును పిడికిలికిని సంబంధమేమని వారడుగవచ్చును. ఆ సంబంధమును చూపుటయే నా ప్రయత్నము.

మన సిద్దిపేట ప్రాంతమున పీరీల పండుగనాడు పులివేషమును చూడనివారుండరు. పసుపు రంగుపై నల్లని చారలు, వెనుక తోక, ఎదుట డప్పు. చూడవచ్చినవారు రంగును చూతురు. తెలిసినవారు పాదములను చూతురు. నడుము వంచి, పొంచి, ఒక్కసారిగా ఎగిరి, చప్పుడు లేక వ్రాలుట ఒక్కదినమున వచ్చు పని కాదు. ఇది వినోదమే గాని యుద్ధవిద్య కాదు. అయినను మృగము నడకను మనుష్యుడు తన దేహమునకు నేర్పుకొనుట ఇందు గలదు.

ఈ అభ్యాసమును చీనాదేశీయులు గొప్ప విద్యగా పెంచిరి. సుమారు 1800 సంవత్సరములకు పూర్వము హువా తువో అను వైద్యుడు పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి అను ఐదింటి కదలికలను ఆరోగ్యము కొరకు వ్యాయామముగా కూర్చెను. తరువాతి కాలమున యుద్ధవిద్యలోనికిని మృగములు ప్రవేశించెను. పులి పద్ధతియందు వ్రేళ్లను గోళ్లవలె వంచి, బలముతో పైకి దూకుదురు. కొంగ పద్ధతియందు ఒంటికాలిపై నిలిచి, ఎదిరిని దూరముననే యుంచి, అదను చూచి ముక్కుతో పొడిచినట్లు వ్రేళ్ల కొనలతో పొడుతురు. పాము పద్ధతియందు మెలికలు తిరిగి మెత్తని మర్మస్థానములను తాకుదురు. ఇచట అనుకరించునది రూపమును గాదు, ఉపాయమును. కండబలము లేనివానికి సైతము కొంగవద్ద నేర్చుకొనదగిన పాఠమున్నది. మన కేరళమందలి కలరిపయట్టునందును ఏనుగు, సింహము, గుర్రము, అడవిపంది మొదలగువాని పేర్లతో నిలుకడలు గలవు.

ఇక పుస్తకముల సంగతి. హువా తువో త్సావ్ త్సావ్ అను పాలకుని ఆగ్రహమునకు గురియై చెరసాలయందుండెను. మరణమునకు ముందు తన వైద్యగ్రంథమును కావలివాని కీయబోయెను. వాడు శిక్షకు భయపడి పుచ్చుకొనలేదు. వైద్యుడు నిప్పు తెప్పించి దానిని కాల్చివేసెనని చీనా చరిత్రకారులు వ్రాసిరి. ఆ గ్రంథము నశించెను. ఐదు మృగముల వ్యాయామము మాత్రము శిష్యుడైన వూ పూ దేహమున నిలిచెను. ఆయన తొంబది యేండ్లకు పైగా జీవించెనందురు.

దీనికి మారుకథయు గలదు. క్రీ. శ. 495లో స్థాపితమైన షావోలిన్ మఠమును 1928లో ఒక సేనాపతి తగులబెట్టించెను. మఠపు గ్రంథములనేకము బూడిదయ్యెను. కాని అక్కడ పది సంవత్సరములకు పైగా కర్రసాము నేర్చిన చెంగ్ జోంగ్‌యూ అను నాతడు 17వ శతాబ్ది ఆరంభముననే ఆ విద్యను బొమ్మలతో సహా గ్రంథస్థము చేసియుండెను. మఠము కాలినను ఆ పుస్తకము నేటికిని నిలిచియున్నది.

మన దేశమునకు వత్తము. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో సురవరం ప్రతాపరెడ్డిగారు పూర్వుల ఆటలను, వినోదములను కావ్యములనుండి ఏరి కూర్చిరి. కవులు వ్రాసియుంచిరి గనుకనే ఆయనకవి దొరకెను.

నా తప్పొకటి చెప్పుకొందును. నా బాల్యమున మా వాడలో కర్రసాము నేర్పు ఉస్తాదు ఒకరుండిరి. పులివేషమునకు అడుగులు దిద్దువారును వారే. రెండు వేసవులు వారివద్ద నేర్చితిని. అడుగుల లెక్క వ్రాసికొనుమని వారే అనిరి. రేపు చూతమని జాగు చేసితిని. వారు గతించిరి. నేడు నాకు మూడడుగులే జ్ఞాపకమున్నవి. నాలుగవదానికి కాలు కదలదు.

కావున ఒక విన్నపము. ఈ గ్రంథాలయమున నేడే ఒక నోటుపుస్తకము తెరువుడు. పులివేషము, కర్రసాము తెలిసిన పెద్దలు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవలెను, బొమ్మలు గీయవలెను. కదలిక చిత్రించుటకు నేడు ఇంటింట ఫోను గలదు. అంతతో చాలదు, వ్రాసినవారే లేచి ఆ అడుగులు వేయవలెను. పుస్తకము కాలినచో దేహము కాపాడును. దేహము రాలినచో పుస్తకము కాపాడును. రెండును లేనిచో విద్య లేదు.