కళకు కాగితం కూడా కావాలి

 

‘స్థానిక కళలకు, సంస్కృతికి ప్రభుత్వ ఆర్థిక సహాయం’ అనే అంశంపై మాట్లాడవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. నేను కళాకారుడను కాను, పండితుడనూ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. కనుక కళల గొప్పతనం గురించి ఉపన్యసించను. ఒక కళాబృందం పెట్టుకున్న దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో మాత్రం చెప్పగలను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఈ సహాయం ఎవరో దయతలచి వేసే భిక్ష కాదు. తమదైన భాష, లిపి, సంస్కృతి కలిగిన ఏ పౌర సమూహమైనా వాటిని పరిరక్షించుకునే హక్కును రాజ్యాంగంలోని 29వ అధికరణం ప్రసాదించింది. మన దేశపు మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ప్రతి పౌరుని విధి అని 51ఎ అధికరణం చెబుతున్నది. హక్కు మనకున్నది, విధి అందరికీ ఉన్నది. అటువంటప్పుడు ప్రజాధనం నుండి మన కళలకు దక్కవలసిన భాగాన్ని అడగడానికి మనం సంకోచించనక్కరలేదు.

మనకు ఏ కళలున్నాయని కొందరు యువకులు అడుగుతుంటారు. బుర్రకథకు కొత్త ప్రాణం పోసిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసులుగా దక్షిణ దేశమంతటా మన్నన పొందారు. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి బిరుదు లభించాయి. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించింది. వీరు అందరికీ తెలిసిన పేర్లు. ఏ పేరూ లేకుండా ఊరూరా పాడుతున్న ఫకీర్లు, మొహర్రం నాడు మర్సియాలు చదివే వృద్ధులు, ఖవ్వాలీ బృందాలు, పెళ్ళిళ్ళలో ఢోలక్ గీతాలు పాడే మన తల్లులు, అక్కలు కూడా ఈ సంపదకు వారసులే. వీరిలో ఒక్కొక్కరు కన్నుమూసినప్పుడు, ఎక్కడా రాసి ఉండని పాటలు కొన్ని వారితోనే మట్టిలో కలిసిపోతున్నాయి.

ఇక సహాయం సంగతి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ‘కళా సంస్కృతి వికాస్ యోజన’ పేరిట అనేక పథకాలను అమలు చేస్తున్నది. ఉత్సవాలు, కార్యశాలలు, ప్రదర్శనలు, పరిశోధన, నాటక సంగీత ప్రదర్శనల నిర్మాణం వంటి వాటికి సాధారణంగా 5 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇచ్చే పథకం అందులో ఒకటి. అరవై ఏళ్ళు దాటిన పేద కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు ఆర్థిక సహాయం అందించే పథకం మరొకటి. ఉర్దూ రాతప్రతుల ప్రచురణకు 1996లో ఏర్పడిన జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి చేయూతనిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ భాషా సాంస్కృతిక శాఖలున్నాయి. నిబంధనలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు తాజా మార్గదర్శకాలను తప్పక చదువుకోవాలి.

మరి మనవారి దరఖాస్తులు ఎందుకు వెనక్కి వస్తున్నాయి? వివక్ష లేదని నేననను. అది ఉన్నచోట నిలదీయవలసిందే. కాని నిలదీయాలన్నా మన కాగితాలు సక్రమంగా ఉండాలి కదా! లోపమున్న దరఖాస్తును తిరస్కరించిన అధికారిని ప్రశ్నించడానికి మనకు ఆధారమేదీ మిగలదు.

మొదటి అవరోధం, దరఖాస్తు ఎవరు చేస్తున్నారన్నది. మన ఊళ్ళలో ఏ పని తలపెట్టినా మసీదు కమిటీ పేరో, దర్గా కమిటీ పేరో ముందుకు వస్తుంది. కాని పైన చెప్పిన గ్రాంటుకు మత సంస్థలు అర్హం కావు. కళల కోసం ప్రత్యేకంగా ఒక సంఘం ఉండాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు.

రెండవ అవరోధం కాలం. సంఘం కనీసం మూడేళ్ళుగా పనిచేస్తూ ఉండాలంటారు. ఉత్సాహంతో సంఘాన్ని నమోదు చేసి, ఆ పత్రానికి అద్దాల చట్రం కట్టించి గోడకు తగిలించి మరచిపోయేవారు చాలామంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి. కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారు కార్యాలయంలో దాఖలు చేయాలి. లెక్కలను ఆడిట్ చేయించాలి. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో సంఘం వివరాలు నమోదు చేయాలి.

మూడవ అవరోధం సొంత వాటా. మొత్తం ఖర్చును ప్రభుత్వమే భరించదు. ఈ గ్రాంటులో సాధారణంగా ఖర్చులో 75 శాతానికి మించి ఇవ్వరు. తక్కినది సంఘం సమకూర్చుకోవాలి. మంజూరైన సొమ్ము కూడా ఒకేసారి రాదు, విడతలుగా వస్తుంది.

నాలుగవది, అన్నింటికన్నా ఎక్కువగా మనలను దెబ్బతీసేది, వినియోగ ధ్రువపత్రం. ఇచ్చిన సొమ్మును ఇచ్చిన పనికే ఖర్చు చేశామని లెక్కలతో సహా సమర్పించే పత్రమిది. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలోపు దీనిని దాఖలు చేయాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి చెబుతున్నది. నా ఉద్యోగ కాలంలో ఒక గ్రామీణ బృందం ఫైలు చూశాను. తొలి విడత సొమ్ముతో వారు కార్యక్రమాన్ని చక్కగా జరిపారు. ఒక్క పైసా దుర్వినియోగం కాలేదు. కాని షామియానా అద్దెకు రసీదు లేదు, భోజనాలకు బిల్లు లేదు, వాద్యకారులకు సొమ్ము ముట్టినట్లు సంతకాలు లేవు. రెండవ విడత రాలేదు. మిగిలిన అప్పును ఆ బృందం పెద్ద తన ఇంటి నుండి తీర్చుకున్నాడు. నిజాయితీపరుడే, కాని ఆయన నిజాయితీకి కాగితంపై సాక్ష్యం లేకపోయింది.

పాడేవాడు పాడాలి, లెక్కలు రాయడం తెలిసినవాడు రాయాలి. డెబ్బై ఏళ్ళ ఫకీరును ఆడిట్ నివేదిక తెమ్మనడం న్యాయం కాదు. ఆ బాధ్యత మనలాంటి చదువుకున్నవారిది. మన సముదాయంలో విశ్రాంత ఉద్యోగులున్నారు, ఉపాధ్యాయులున్నారు, కామర్స్ చదివిన ఆడపిల్లలున్నారు. వారానికి రెండు గంటలు కేటాయిస్తే ఒక సంఘం పద్దులు సక్రమంగా సాగిపోతాయి.

కొన్ని హెచ్చరికలు కూడా చేయాలి. గ్రాంటు ఇప్పిస్తామంటూ వాటా అడిగే దళారులను గడప తొక్కనీయకండి. గ్రాంటు కోసం పాటను మార్చకండి. ఉన్న పాటను కాపాడడానికే గ్రాంటు. ప్రభుత్వ సొమ్ము ఒక ఏడు వస్తుంది, మరో ఏడు రాదు. ప్రజల చందాలను మానుకున్న సంఘం ఆ రెండవ ఏడు మూతపడుతుంది.

సంగీతం విషయంలో మనలో భిన్నాభిప్రాయాలున్నాయి. వాటిని గౌరవిస్తాను. వాద్యాలు వద్దనుకునేవారికి కూడా చేయవలసిన పని ఎంతో ఉన్నది. ఖత్తాతీ నేర్పవచ్చు, పాత రాతప్రతులను భద్రపరచవచ్చు, పెద్దల జ్ఞాపకాలను సేకరించవచ్చు, గ్రంథాలయాన్ని నిలబెట్టవచ్చు.

చివరిగా, మూడేళ్ళ నిబంధన గురించి మరొకసారి ఆలోచించండి. ఈ నెల సంఘాన్ని నమోదు చేస్తే మూడేళ్ళ తరువాత గాని అర్హత రాదు. మన వృద్ధ కళాకారులలో ఎందరు అంతవరకు మనతో ఉంటారో అల్లాహ్‌కే ఎరుక. కనుక రెండు పనులు ఏకకాలంలో సాగాలి. ఒక వంక సంఘాన్ని నమోదు చేయండి. మరో వంక గ్రాంటు కోసం ఎదురుచూడక, అరవై దాటిన కళాకారుల జాబితా తయారుచేసి, అర్హులైన వారిచేత నెలసరి సహాయానికి దరఖాస్తు చేయించండి. వారి పాటలను చేతిలోని ఫోనుతోనే నేడే రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి ఉంచండి. రేపు మీ సంఘం దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, మీరు పనిచేస్తున్నారనడానికి ఆ రికార్డులే తొలి ఆధారమవుతాయి.

ఈ సభ ముగియకముందే ప్రతి ఊరి నుండి ముగ్గురు పేర్లు ఇవ్వండి. ఒకరు దరఖాస్తులు రాయడానికి, ఒకరు లెక్కలు చూడడానికి, ఒకరు పాటలు సేకరించడానికి. దరఖాస్తులు రాయడంలో సాయం కావలసినవారు నన్ను పిలవండి, ఓపిక ఉన్నంతవరకు వస్తాను.