సేవకు కూలేమిటి అనేవాళ్లకు - సారా ఆల్‌గుడ్ కథ

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాట పాడే, నాటిక వేసే, ఊరూరా తిరిగే స్త్రీ తన శ్రమకు డబ్బు అడిగితే "సేవకు కూలేమిటి?" అంటారు. ఈ మాట మనకు కొత్త కాదు. నూరేళ్లకు పైగా క్రితం ఐర్లండులో సారా ఆల్‌గుడ్ అనే నటి కాలంలోనూ ఇదే తగువు వచ్చింది. ఆమె గురించి నాలుగు మాటలు చెబుతాను.

సారా డబ్లిన్‌లో పుట్టింది. అప్పుడు ఐర్లండు బ్రిటిష్ పాలనలో ఉంది. జాతీయవాద సంఘాలు చాలావరకు స్త్రీలను చేర్చుకునేవి కావు. అందుకే 1900లో మాడ్ గాన్, మరికొందరు స్త్రీలు "ఐర్లండు కుమార్తెలు" అని అర్థం వచ్చే పేరుతో సొంత సంఘం పెట్టుకున్నారు. పిల్లలకు ఉచితంగా ఐరిష్ భాష, చరిత్ర చెప్పారు. నాటకాలు వేశారు. సారా నటన మొదలైంది అక్కడే. ఆమెను వేదిక ఎక్కించింది ఒక స్త్రీల సంఘమని మనం గుర్తుపెట్టుకోవాలి.

పగలంతా పని చేసుకుని సాయంత్రాలు నాటకాలాడే మామూలు మనుషులతోనే ఆబీ థియేటర్ ఏర్పడింది. 1904 డిసెంబరు 27న అది తెరిచిన రాత్రి సారా నటించింది. మరుసటి ఏడు ఆనీ హార్నిమన్ అనే సంపన్న ఇంగ్లీషు మహిళ ఇచ్చిన డబ్బుతో నటులకు జీతాలు వచ్చాయి. జీతాలతో పాటు నిర్ణయాలు యేట్స్, లేడీ గ్రెగరీ, సింజ్ అనే ముగ్గురు డైరెక్టర్ల చేతికి పోయాయి. ఇది నచ్చక కొందరు బయటికి వెళ్లిపోయారు. సారా ఉండిపోయింది. నటననే బతుకుతెరువు చేసుకుంది.

1907లో సింజ్ నాటకం "ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టర్న్ వరల్డ్"లో సారా, ఆమె చెల్లెలు మోలీ ఇద్దరూ నటించారు. స్త్రీల లోదుస్తుల పేరు వినబడిందని హాల్లో గొడవ చేశారు. ఐరిష్ స్త్రీ పరువు పోయిందన్నారు. ఆ కేకల మధ్యే వేదిక మీద నిలబడి ఆడినవాళ్లూ ఐరిష్ స్త్రీలేనని వాళ్లకు తోచలేదు.

తర్వాత ఆమె నాటకంతో ఆస్ట్రేలియా వెళ్లింది. 1916లో తోటి నటుడిని పెళ్లాడింది. 1918లో పాప పుట్టగానే పోయింది. అదే ఏడు భర్త ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయాడు. ఆమె తిరిగివచ్చి మళ్లీ పనిలో దిగింది. 1924లో షాన్ ఓకేసీ నాటకంలో జూనో వేషం వేసింది. జూనో భర్త పని చెయ్యడు, తాగి తిరుగుతాడు. కొడుకును చంపేస్తారు. గర్భవతి అయిన కూతుర్ని ప్రియుడు వదిలేస్తాడు. పుట్టే బిడ్డకు తండ్రి లేకపోతేనేం, ఇద్దరు తల్లులుంటారని చెప్పి జూనో కూతుర్ని తీసుకుని ఆ ఇల్లు వదిలి వెళ్తుంది. 1930లో హిచ్‌కాక్ ఈ నాటకాన్ని సినిమా తీసినప్పుడు కూడా జూనో సారాయే.

1940లో ఆమె హాలీవుడ్ చేరింది. "హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ" (1941)లో గని కార్మికుడి భార్య వేషానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బహుమతి రాలేదు. అదే సినిమాలో భర్త వేషం వేసిన డొనాల్డ్ క్రిస్ప్‌కు వచ్చింది. ఆ తర్వాత ఎక్కువగా తల్లి, పనిమనిషి వంటి చిన్న వేషాలే దక్కాయి. 1950లో కాలిఫోర్నియాలో చనిపోయింది.

ఆబీని వదిలి వెళ్లినవాళ్లు భయపడింది ఊరికే కాదు. సారాకు జీతం దొరికింది గానీ ఏ నాటకం వెయ్యాలో, ఏ వేషం కట్టాలో చెప్పే హక్కు దొరకలేదు. అలాగని జీతం తీసుకోవడం తప్పా? కాదు. ఆస్తి లేని ఆడమనిషి ఆ జీతం వల్లే దాదాపు యాభై ఏళ్లు నటిగా నిలబడింది. కూలీ కావాలి, నిర్ణయంలో మాటా కావాలి. ఒకటిచ్చి రెండోది లాక్కోవడాన్ని మనం ఒప్పుకోకూడదు.

మన సంఘాల్లో ఏం జరుగుతోంది? కరపత్రం మీద నాటిక రాసినవాళ్ల పేరుంటుంది. ఆడిన అక్కల పేర్లుంటున్నాయా? మైకుకూ టెంటుకూ డబ్బు కేటాయిస్తాం. పాడినవాళ్ల కూలికి కేటాయిస్తున్నామా? ఏ నాటిక వెయ్యాలో నిర్ణయించేటప్పుడు వాళ్లను పిలుస్తున్నామా? మీ అనుభవాలు చెప్పండి, మాట్లాడుకుందాం.