ప్రాంతం పేరు ఇంటిపేరైన నటి: తెలంగాణ శకుంతల



స్మారకోపన్యాసానికి ఒక సినిమా నటిని, అందులోనూ కథానాయిక వేషం వెయ్యని నటిని ఎంచుకున్నానేమిటని కొందరు అడిగారు. అగ్రనటుల మీద పుస్తకాలు వస్తూనే ఉన్నాయి, ఇంకా వస్తాయి. తెర మీద పది నిమిషాలు కనిపించి, వాల్‌పోస్టర్‌లో ఒక మూల కూడా దక్కని వాళ్ళ గురించి ఒక సాయంత్రం మాట్లాడుకుంటే నష్టం లేదు. పైగా ఆమె పేరుకు ముందు చేరిన మాటకూ ఈ ఊరికీ ఒక లంకె ఉంది.

ముందు ఈ పాల్వంచ ఊరి సంగతి. ఇక్కడి థర్మల్ కేంద్రంలో 1966లో కరెంటు ఉత్పత్తి మొదలైంది. ఉద్యోగాల కోసం నలుమూలల నుంచీ జనం వచ్చారు. 1969 జనవరిలో స్థానికులకు కొలువులు ఇవ్వాలని, ముల్కీ రక్షణలు అమలు చెయ్యాలని ఇక్కడ రాజుకున్న నిరసన ఖమ్మం చేరింది, అక్కడి నుంచి ఉస్మానియాకు పాకింది. తొలి తెలంగాణ ఉద్యమం చరిత్ర రాసేవాళ్ళెవరూ పాల్వంచ పేరు దాటి పోలేరు. ఇక్కడివాడెవడు, బయటివాడెవడు అనే ప్రశ్న అంత తీవ్రంగా పుట్టిన చోట నిలబడి, మహారాష్ట్రలో పుట్టిన ఒక మరాఠీ ఆడపడుచు గురించి నేను మాట్లాడబోతున్నాను. ఆమెను తెలుగువాళ్ళంతా ‘తెలంగాణ’ శకుంతల అనే పిలిచారు.

అసలు పేరు కడియాల శకుంతల. పుట్టింది 1951 జూన్ 9న. ఇంట్లో మాట మరాఠీ. తెలుగు ఆమెకు నాటకం నేర్పిన భాష. చదువుకుని నేర్చిన తెలుగుకూ, వేదిక మీద నేర్చిన తెలుగుకూ తేడా ఉంటుంది. వేదిక మీద నేర్చినవాళ్ళకు మాటతోపాటే దాని విసురు, ఊపిరి ఎక్కడ ఆపాలో, ఏ అక్షరం మీద బరువు వెయ్యాలో కూడా వస్తాయి. ఆమె సినిమాలు చూసినవాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఆ గొంతే. మైకు ముందున్నా, చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడాలన్నట్టే ఆమె పలికేవారు. సినిమా నటనలో ఇది లోపమనే విమర్శకులున్నారు. నేనలా అనుకోను. పది నిమిషాల పాత్రకు సన్నివేశాన్ని లాక్కునే సాధనం కావాలి. కొందరికి కళ్ళున్నాయి, కొందరికి నడకుంది, ఈమెకు గొంతుంది.

ఇక్కడ నాటకాల నటీమణుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. నాటక పరిషత్తు పోటీల రోజుల్లో ఔత్సాహిక సమాజం అంటే దాదాపు మగవాళ్ళే. గుమాస్తాలు, ఫిట్టర్లు, టీచర్లు డ్యూటీ దిగి రిహార్సల్‌కు వచ్చేవారు. నెలల తరబడి సాధన చేసేవారు. ఆడవేషానికి మాత్రం బయటి నుంచి నటిని పిలిపించుకునేవారు. ఆమె ప్రదర్శనకు ఇంత అని తీసుకుని, ఒకటి రెండు రిహార్సల్స్‌లోనే పోర్షన్ పట్టుకుని, రాత్రి వేషం కట్టి, తెల్లవారితే ఇంకో ఊరి బస్సెక్కేది. ఇవాళ తల్లి, రేపు కోడలు, ఎల్లుండి మరో సమాజం వాళ్ళ నాటకంలో వేశ్య. తోటి నటులకు నాటకం అభిరుచి, ఆమెకు బతుకుతెరువు. బహుమతి వస్తే కప్పు సమాజం అలమారలోకి వెళ్ళేది. తెలుగు సినిమాకు అమ్మలను, అత్తలను, బామ్మలను ఇచ్చింది ఎక్కువగా ఈ బడే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి, ఇరవై ఏళ్ళ తర్వాత ‘పాతాళ భైరవి’లో తోటరాముడి తల్లిగా కనిపించింది. నిర్మలమ్మ బందరు నాటకాల నుంచి వచ్చింది. శకుంతల ఆ వరసలో మనిషి.

ఆమె మొదటి సినిమా ‘మా భూమి’, 1979. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ ఉర్దూలో రాసిన నవల దానికి ఆధారం. నిర్మాతలు బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. రామయ్యగా నటించిన సాయిచంద్ కోస్తా రచయిత త్రిపురనేని గోపీచంద్ కొడుకు. ఇందులో మరాఠీ శకుంతల. తెలంగాణ పల్లెను తెర మీద మొదటిసారి ఇంత నిజంగా చూపిన సినిమా వెనక ఇన్ని ప్రాంతాల మనుషులున్నారు. అయినా ఆ పల్లె మాట పరాయిగా వినిపించదు. ఎందుకంటే అందులో దొరా ఆ నేల మాటే మాట్లాడతాడు, జీతగాడూ ఆ మాటే మాట్లాడతాడు, ప్రేమించే పిల్లా ఆ మాటే మాట్లాడుతుంది. మాటను బట్టి మంచీ చెడూ పంచలేదు. తర్వాత ‘కుక్క’ చిత్రంలో నటనకు శకుంతలకు నంది పురస్కారం వచ్చింది. ఇప్పటి కుర్రకారుకు ఆమె ఉత్తమ నటి అని చెబితే నమ్మరు. వాళ్ళకు తెలిసిన శకుంతల వేరు.

ఆ వేరే శకుంతల ఎలా తయారైందో చూద్దాం. 1985లో ‘ప్రతిఘటన’ వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసలో విశ్వరూపం చూపించారు. కోట కృష్ణా జిల్లా కంకిపాడు మనిషి. నటుడిగా ఆయన గొప్పతనంలో సందేహం లేదు. కానీ ఆ విజయం తర్వాత వ్యాపార సినిమాకు ఒక సులువైన దారి దొరికింది. రౌడీ కావాలా, మొరటు రాజకీయ నాయకుడు కావాలా, పక్కనుండి నవ్వించేవాడు కావాలా, యాస తగిలించు. విజయశాంతి ‘మొండి మొగుడు పెంకి పెళ్ళాం’లో నాయికగా ఆ మాట మాట్లాడింది నిజమే, ‘ఒసేయ్ రాములమ్మా’ కూడా ఉంది. నర్సింగరావు ‘దాసి’లో నటనకు అర్చన జాతీయ పురస్కారం తెచ్చుకుంది. కానీ వీటిని వేళ్ళ మీద లెక్కపెట్టగలం, రౌడీలను లెక్కపెట్టలేం.

ఈ సరుకు అమ్ముడుపోయే కాలంలో ‘గులాబి’ లాంటి సినిమాల మీదుగా శకుంతల 2001 నాటి ‘నువ్వు నేను’కు వచ్చారు. తేజ తీసిన ఆ సినిమాతో ఆమె ఇంటింటికీ తెలిసిన మనిషి అయ్యారు. గట్టిగా అరిచే, బెదిరించే, మగవాళ్ళను గడగడలాడించే ఆడది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. అప్పటి నుంచీ ఆమె కోసం రాసిన వేషాలు చాలావరకు దానికి నకళ్ళే.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. సూర్యకాంతం గయ్యాళి అత్తగా జీవితమంతా వేసింది కదా, గోదావరి జిల్లాలు నొచ్చుకున్నాయా, మరి తెలంగాణకు ఎందుకీ ఉలుకు అని. మంచి ప్రశ్నే. సూర్యకాంతం పేరు ఆడపిల్లలకు పెట్టడానికి జనం జంకారంటారు, కానీ ఆమె మాట్లాడిన తెలుగును ఎవరూ వెక్కిరించలేదు. ‘గుండమ్మ కథ’లో గుండమ్మ భాషకూ సావిత్రి, జమున, రామారావు, నాగేశ్వరరావుల భాషకూ మధ్య గోడ లేదు. గయ్యాళితనం గుండమ్మ స్వభావం, అంతే. శకుంతల దగ్గరకు వచ్చేసరికి నాయికా నాయకులు పుస్తకాల తెలుగు, ఆమె ఒక్కతే యాస. అప్పుడు మొరటుతనం మనిషిది కాకుండా మాటది అవుతుంది. తప్పు ఆమె పాత్రలో లేదు, పక్క పాత్రల్లో ఉంది. ఈ తేడా గమనించకుండా ఆమెను తిట్టినవాళ్ళున్నారు, గమనించకుండానే మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు.

నటిగా ఆమె ఏం చెయ్యగలరో తెలియాలంటే 2003 సంక్రాంతి చూడాలి. ఒకే పండగకు రెండు సినిమాలు. గుణశేఖర్ ‘ఒక్కడు’లో కర్నూలు ఓబుల్ రెడ్డికి తల్లి. ప్రకాష్‌రాజ్ అంతటి నటుడి ఎదుట తల్లిగా నిలబడి, కొడుకు క్రౌర్యం ఎక్కడి నుంచి వచ్చిందో మనకు అర్థమయ్యేలా చేశారు. అక్కడ యాస సీమది. ధరణి తీసిన తమిళ చిత్రం ‘ధూల్’లో విక్రమ్‌కు ఎదురు నిలిచిన స్వర్ణక్క. తమిళ ప్రేక్షకులకు శకుంతల అంటే ఇప్పటికీ స్వర్ణక్కే. ఇంట్లో మరాఠీ, పేరులో తెలంగాణ, ఆ పండగకు తెర మీద రాయలసీమ, తమిళం. మరాఠీ తప్ప ఏ మాటా పుట్టుకతో రాలేదు, చెవితో పట్టుకున్నారు. ‘ధూల్’లో ఆమె నవ్వించే గయ్యాళి కాదు, చెన్నైలో ఒక సామ్రాజ్యాన్ని నడిపే మనిషి. తెలుగు దర్శకులు చాలామంది ఆమె గొంతును వాడుకున్నారు; ధరణి ఆమె నిలబడే తీరును వాడుకున్నాడు.

టీవీ ఆమెకు రెండో జీవితం ఇచ్చింది, పైసా ఇవ్వకుండా. హాస్య సన్నివేశాలను ముక్కలుగా కోసి రోజంతా తిప్పే ఛానళ్ళు వచ్చాక, రెండు నిమిషాల అరుపే ఆమె మొత్తం నటన అయిపోయింది. ‘మా భూమి’ని ఎవరు ముక్కలు కోస్తారు?

మాటలు మార్చడం సంగతికొస్తే, ఇక్కడి థర్మల్ కేంద్రం కాలనీలనే చూడండి. పక్కపక్క క్వార్టర్లలో గుంటూరు మాట, ఖమ్మం మాట, నల్లగొండ మాట. నాలుగడుగులు వేస్తే లంబాడీ, కోయ. ఇక్కడ పెరిగిన పిల్లలు ఆట స్థలంలో ఒకలా, ఇంట్లో ఒకలా, బడిలో ఇంకోలా మాట్లాడతారు. శకుంతల చేసిన పని ఈ పిల్లలకు కొత్త కాదు. ఆమె దాన్ని వృత్తిగా చేశారు. 2017లో ‘ఫిదా’ వచ్చినప్పుడు, నీలగిరి కొండల నుంచి వచ్చిన సాయిపల్లవి సొంత గొంతుతో బాన్సువాడ మాట మాట్లాడితే తెలంగాణ మురిసిపోయింది. అక్కడ ఆ మాట నాయికది. 2023లో ‘బలగం’లో ఇల్లంతా ఆ మాటే. ఏడ్చినా, కొట్లాడినా, కలిసినా ఆ మాటే. శకుంతలకు అలాంటి ఇల్లు దొరికింది మొదటి సినిమాలో ఒకసారి. ‘బలగం’ లాంటి కథలో ఒక మేనత్తో, ముసలి తల్లో వేసి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవడానికి నాకు పెద్ద కష్టం అనిపించదు.

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. జూన్ 14న కొంపల్లిలో గుండె ఆగి ఆమె పోయారు. అరవై మూడేళ్ళు. ఏ పేరుతో ముప్ఫై ఏళ్ళు పిలిపించుకున్నారో ఆ పేరుగల రాష్ట్రంలో పన్నెండు రోజులు బతికారు. దీన్ని విధి అని కవిత్వం చెప్పను. అంతకంటే మనం చెయ్యగల పని ఒకటుంది.

నాటక పోటీల కరపత్రాలు చాలామంది ఇళ్ళలో ట్రంకుపెట్టెల్లో ఉండే ఉంటాయి. తీసి చూడండి. మగ నటులకు పేరు, ఇంటిపేరు, హోదా, శాఖ అన్నీ ఉంటాయి. ఆడవేషం వేసినామెకు చాలాచోట్ల ఉత్త పేరే. ఏ ఊరి నుంచి వచ్చిందో, తర్వాత ఏమైందో రాసి ఉండదు. వాళ్ళలో శకుంతలలాగా సినిమాకు చేరినవాళ్ళు తక్కువ, చేరనివాళ్ళే ఎక్కువ. వాళ్ళతో వేషం కట్టిన పెద్దలు కొందరు ఇంకా మన మధ్యనే ఉన్నారు, ఈ సభలోనూ ఉండి ఉంటారు. కరపత్రాలుంటే ఫోటో తీసి నిర్వాహకులకు ఇవ్వండి. నటి పేరు పక్కన మీకు గుర్తున్నది, ఊరో, నాటకమో, ఆమె వేసిన వేషమో, మీ చేత్తో రాసి మరీ ఇవ్వండి. వచ్చే ఏటి ఉపన్యాసకుడికి నాకంటే ఎక్కువ సరుకు ఉంటుంది.