బాణం వేసే ముందు వంచి వినండి

  సంఘం వాళ్లు విల్లంబుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చరిత్ర చెప్పడానికి మా కంటే తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. మేము హాస్టల్ నడిపేవాళ్లం, పిల్లల చేతులకి కట్లు కట్టినవాళ్లం. ఆ సంగతే చెబుతాం.

ఇటుకల పండక్కి వేటకి వెళ్లే తాతల్ని చూసి పెరిగాం మనం. విల్లు వెదురు, నారి వెదురు బద్ద, బాణమూ వెదురే. వంకర పోతే నిప్పు సెగ చూపి సరిచేసేవారు. పగిలితే చీలిక కంటికి కనబడేది, వేలికి గుచ్చుకునేది. ఇప్పుడు మన పిల్లలు వెదురు విల్లుతోనే ఇండియన్ రౌండ్ మొదలుపెట్టి, 30 మీటర్లు, 50 మీటర్లు వేసి, చెయ్యి కుదిరితే రికర్వ్‌కి వెళుతున్నారు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా ఆదివాసీ పల్లెలో వెదురు విల్లుతో మొదలుపెట్టిన లింబారామ్ గారు 1992లో బీజింగ్‌లో ప్రపంచ రికార్డును సమం చేశారు, 2012లో పద్మశ్రీ అందుకున్నారు. కాబట్టి దారి ఉంది. అయితే దారి మధ్యలో సామాను మారిపోతుంది. వెదురు బాణం పోయి కార్బన్ బాణం చేతికొస్తుంది. దానికి తగ్గట్టు జాగ్రత్త కూడా మారాలని మాకు ఆలస్యంగా తెలిసింది.

మూడేళ్ల కిందటి మాట. మా దగ్గర ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక సాయంత్రం వేసిన బాణం గురి తప్పి కంచె రాతి స్తంభానికి తగిలింది. తీసుకొచ్చి కొంగుతో తుడిచి పొదిలో పెట్టేసింది. పైకి ఏమీ లేదు, నున్నగా ఉంది. రెండు రోజుల తర్వాత అదే బాణం తీసి వదిలింది. నారి నుంచి బయటపడుతూనే బాణం పేలినట్టు చీలిపోయింది. విల్లు పట్టుకున్న ఎడమ చేతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో నల్లటి పేళ్లు దిగాయి.

మేము చేసిన మొదటి పని తప్పు పని. చిమటా తెచ్చి లాగబోయాం. ఏఎన్ఎం అమ్మ అడ్డుపడింది. లోపల నరం ఉందో, రక్తనాళం ఉందో తెలియకుండా లాగొద్దని, కదలకుండా గుడ్డ చుట్టి జీపెక్కించింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే పేళ్లు సరిగా కనబడలేదు. కార్బన్ ఎముకలాగా, ఇనుములాగా ఎక్స్‌రేలో తేలదట. విరిగిన బాణం ముక్కలు మేము వెంట తీసుకెళ్లాం కాబట్టి, ఏ పదార్థం కోసం వెతకాలో డాక్టరుకి అర్థమైంది, స్కానింగ్ చేయించి తీశారు. ఇలాంటిది మీ కళ్లముందు జరిగితే ముక్కలు పారేయకండి, సంచిలో వేసి పట్టుకెళ్లండి. ఆ పిల్ల వేలు పూర్తిగా వంగడానికి ఐదు నెలలు పట్టింది.

రాయికి తగిలిందని ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాం. "పోగొడితే కొనివ్వాలన్నారు కదా మేడం" అంది. అన్నమాట నిజమే. స్టాకు రిజిస్టరులో ప్రతి బాణానికి నంబరు వేసి, లెక్క తగ్గితే ఊరుకోమని ప్రార్థన దగ్గర చెప్పింది మేమే. ఒక్కో బాణం ఖరీదు వాళ్లమ్మ ఒక రోజు కూలికి తక్కువేమీ కాదు. ఆ పిల్ల లెక్క కాపాడింది. చెయ్యి కాపాడుకోవాలని మేము నేర్పలేదు. ట్రైనింగ్‌లో చదివిన పిల్లల మనస్తత్వం పుస్తకాలు ఆ రాత్రి మాకేమీ పనికిరాలేదు.

ఇప్పుడు చూసే పద్ధతి. కార్బన్ బాణం అంటే వెంట్రుక కంటే ఎంతో సన్నటి పోగుల్ని జిగురుతో కలిపి చేసిన గొట్టం. దెబ్బ తగిలితే లోపలి పోగులు తెగినా పైన పాలిష్ అలాగే ఉంటుంది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం కదా, ఇదీ అంతే, కన్నుతో పాటు చెవి కావాలి. ముందు వెలుతురులో తిప్పి గీతలు, సొట్టలు, లేచిన పోగులు చూడాలి. దూదో మెత్తటి గుడ్డో పెట్టి పొడుగునా తుడిస్తే పోగు లేచినచోట పట్టుకుంటుంది. వట్టి వేలితో రుద్దకండి. తర్వాత ఒక చేత్తో పాయింట్ దగ్గర, ఇంకో చేత్తో నాక్ దగ్గర పట్టుకుని, మొహానికీ పక్కవాళ్లకీ దూరంగా, ఒకటి రెండు అంగుళాలు మాత్రమే వంచాలి. కొంచెం తిప్పి మళ్లీ వంచాలి. అలా చుట్టూ వచ్చేదాకా నాలుగైదుసార్లు. చిటపటమన్నా, ఒకచోట మెత్తగా తగిలినా ఆ బాణం అయిపోయినట్టే. చివరికి రెండు చేతులతో అటూ ఇటూ మెలిపెట్టి చూడాలి, తేలిగ్గా తిరిగితే అదీ పోయినట్టే. నాక్ కూడా చూడండి. వెనక నుంచి ఇంకో బాణం తగిలితే ముందు పగిలేది అదే. నాక్ పగిలితే నారి బాణాన్ని తొయ్యకుండానే వట్టిగా కొట్టుకుంటుంది, విల్లూ పాడవుతుంది.

ఇదంతా వేయడం మొదలుపెట్టే ముందు చేయాలి. రాయికి తగిలినా, బాణానికి బాణం తగిలినా, గురి తప్పి నేలలో జారినా అప్పటికప్పుడు మళ్లీ చేయాలి. ఒక్క బాణానికి అర నిమిషం పట్టదు.

ఇంకో మాట. మా కుర్రాడొకడు తాత చేసినట్టే కార్బన్ బాణాన్ని పొయ్యి సెగ మీద పెట్టాడు. వంకర తీద్దామని! కార్బన్ వెదురులా వంగి నిలవదు, సెగకి జిగురు చెడుతుంది. అతికించి, టేపు చుట్టి వాడటం కూడా అలాంటిదే. ఎదిగే పిల్లలైతే బాణం పొడవు తరచూ కొలిపించుకోండి. జూన్‌లో సరిపోయింది మార్చికి పొట్టిదైపోతుంది. నిండా లాగినప్పుడు మొన రెస్టు దాటి వెనక్కి వస్తే చేతిలోనే దిగుతుంది.

మా రిజిస్టరులో ఇప్పుడు ఇంకో గడి గీశాం, "పక్కన పెట్టినవి" అని. దెబ్బ తగిలిన బాణం తెచ్చిచ్చిన పిల్ల పేరు అందులో రాస్తాం, డబ్బు అడగం. విరిస్తే పేళ్లు ఎగురుతాయి కాబట్టి విరవం. నాక్, పాయింట్ తీసేసి ఎర్ర టేపు చుట్టి బీరువాలో వేసి తాళం పెడతాం. లెక్క అడిగిన అధికారికి ఆ గడి చూపించాం. ఆయన కాసేపు చూసి సంతకం పెట్టారు.

ఈ రోజు ఆ బీరువాలోవి కొన్ని తెచ్చాం. బయట చింతచెట్టు కింద బల్ల మీద తొమ్మిది బాణాలున్నాయి, మూడు చెడ్డవి. ఎవరూ వేయకుండా అన్నిటికీ నాక్‌లు తీసేశాం, ఎర్ర టేపు కూడా విప్పేశాం. భోజనాలకి ముందు ఒక్కొక్కరు వచ్చి ఆ మూడూ ఏవో చెప్పండి. చేతి మీద మచ్చ ఉన్న అక్క అక్కడే కూర్చుంది, ఆమే మీ చేత వంచి చూపిస్తుంది.