బిడ్డకు తొలిముద్ద ఎప్పుడు?



చంటిబిడ్డ ఉన్న ఇంట్లో నాలుగో నెల రాగానే ఒక చర్చ మొదలవుతుంది. "పాలు చాలడం లేదు, రెండు చెంచాల రాగిగంజి పోయరాదా?" అని అత్తగారు అంటారు. "ఆరు నెలలు నిండేదాకా ఏమీ వద్దు" అని గ్రామ నర్సు అంటుంది. మధ్యలో తల్లి ఎటూ తేల్చుకోలేదు. ధర్మపురి జిల్లాలో మా పెరియంపట్టి వంటి పల్లెల్లో తెలుగిల్లయినా, తమిళుల ఇల్లయినా ఈ మాట ఒకటే.

ముందుగా లెక్క చూద్దాం. మగబిడ్డకు ఆరు, ఎనిమిది వంటి సరి నెలల్లోను, ఆడబిడ్డకు ఐదు, ఏడు వంటి బేసి నెలల్లోను అన్నప్రాశన చేయడం మన ఆచారం. ఆరో నెల నడుస్తోందంటే నిండినవి ఐదే. ఐదో నెల అంటే నిండినవి నాలుగే. వైద్యులు చెప్పే ఆరు మాత్రం నిండిన ఆరు, అంటే సుమారు 180 రోజులు. ఆ లెక్క ఆడబిడ్డకూ మగబిడ్డకూ ఒక్కటే. ఐదో నెలలోనే అన్నం మొదలుపెడితే ఆడబిడ్డకు దక్కవలసిన తల్లిపాలలో ఆ మేరకు కోత పడుతుంది. అలాగని ఆచారం మానుకోనక్కరలేదు. ఏడో నెలా బేసి నెలే. అది మొదలయ్యేసరికి ఆరు నిండుతాయి. మగబిడ్డకు ఆరు నిండగానే ఇంట్లో తిండి మొదలుపెట్టి, వేడుకను ఎనిమిదో నెలలో చేసుకోవచ్చు.

పెద్దవాళ్లు నాలుగో నెల అనడం ఊరికే కాదు. ఒకప్పుడు ఆస్పత్రుల్లోనూ నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనే చెప్పేవారు. పాలడబ్బాలు, పాలసీసాల ప్రచారాన్ని అరికట్టిన 1992 నాటి చట్టంలోనూ నాలుగు నెలలనే ఉండేది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలని ఖాయం చేసింది. 2003లో మన చట్టాన్నీ ఆ ప్రకారం సవరించారు. ఈ సంగతి నెమ్మదిగా చెబితే అత్తగారూ వింటారు.

మన జిల్లాకు మరో కారణం ఉంది. ఇక్కడ చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. నీళ్లు కాచినా అది పోదు. తల్లి ఆ నీళ్లే తాగినా తల్లిపాలలోకి చేరే ఫ్లోరైడు చాలా తక్కువ. కనుక ఆరు నెలల లోపు గంజీ వద్దు, నీళ్లూ వద్దు. ఎండాకాలంలోనూ పాలలోని నీరే బిడ్డకు చాలు. తరువాత గంజి కాచడానికి 2013లో మొదలైన హొగెనకల్ పథకం నీళ్లు పట్టి వాడండి.

ఆలస్యమూ మంచిది కాదు. పుట్టుకతో బిడ్డ ఒంట్లో నిలవ ఉన్న ఇనుము ఆరు నెలలకు తరిగిపోతుంది. తల్లిపాలలో ఉండేది స్వల్పం. మంచి ముహూర్తం కోసం తొమ్మిదో నెలదాకా ఆగితే రక్తం తగ్గి బిడ్డ డస్సిపోతుంది. మెడ నిలిపి, ఆనిస్తే కూర్చుని, మన కంచం వైపు చెయ్యి చాస్తే సిద్ధంగా ఉన్నట్టే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయం డాక్టరును అడగాలి.

ఏం పెట్టాలి? మన చేలో పండే రాగులే ఉన్నాయి. రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తాక ఆరబెట్టి, దోరగా వేయించి, విసిరి, పలుచని గుడ్డలో జల్లించండి. మొలకెత్తిన పిండి గంజి తొందరగా గట్టిపడదు. కాబట్టి పిండి కాస్త ఎక్కువ వేసినా బిడ్డ మింగగలదు. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు. చెంచాలోంచి జారిపోయే నీళ్లగంజి వద్దు, నిలిచేటట్టు ఉండాలి. తరువాత మెత్తగా మెదిపిన పప్పన్నం, ఆకుకూర, గుడ్డు ఒక్కొక్కటిగా చేర్చండి. ఏడాది లోపు తేనె నాకించవద్దు. తల్లిపాలు రెండేళ్లదాకా సాగాలి.

కూలికి వెళ్లే తల్లికి ఇదంతా కష్టమే. పిండిన పాలను శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి చల్లని చోట ఉంచితే నాలుగు గంటలు నిలుస్తాయి. ఇంట్లోవాళ్లు ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. పాలసీసా వద్దు.

బిడ్డ పుట్టిన రోజు నుంచి 180 లెక్కపెట్టి, ఆ తేదీకి ఇవాళే క్యాలెండరులో సున్నా చుట్టండి. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా అదే సున్నా.