పంటికి రెండు ఫోటోలు ఎందుకు?

కింది దవడకు ఇంప్లాంట్ పన్ను పెట్టించుకోవడానికి వెళితే డాక్టరుగారు ఎక్స్‌రేలతో సీటీ తీశారు, నోట్లో చిన్న కెమెరా కూడా తిప్పారు. రెండెందుకన్నాను. ఫైలు మీద రెండో సంతకం ఎందుకని అడిగే గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది!

1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రేకు ఎముక, పంటి వేరు, దవడలో నరం పోయే దారి చిక్కుతాయి. కానీ మనబోటివాళ్ల పాత వెండి ఫిల్లింగుల చుట్టూ చారలు పడి బొమ్మ చెడుతుంది. చిగుళ్ల అంచూ సరిగా తెలియదు. కెమెరాకు ఈ పైవన్నీ స్పష్టమే, లోపలిది మాత్రం అందదు. పళ్ల ఆకారాన్ని ఆనవాలుగా పట్టుకుని కంప్యూటరు ఆ రెంటినీ ఒకదానిపై ఒకటి కూరుస్తుంది. స్క్రూ ఎక్కడ, ఎంత లోతు దింపాలో దానిమీద చూసుకుంటారు. లోతు తప్పి నరానికి తగిలితే పెదవి, గడ్డం తిమ్మిరెక్కి ఒక్కోసారి అలాగే ఉండిపోతాయి.

కెమెరాకు రేడియేషన్ లేదు, సీటీకి ఉంది. కాబట్టి సీటీ నకలు అడిగి తీసుకుని పెన్షన్ కాగితాలతోపాటు భద్రపరచండి. డాక్టరు మారినప్పుడు ముందు అది చూపండి.