ఎవరు చేరలేదని అడుగుదాం



బడి మానేసిన ఆడపిల్లల కోసమే 2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు తెచ్చింది. ఆడవాళ్ల చదువుల వెనుకబడ్డ మండలాలనే ఎంచుకున్నది. మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలల్ల గూడ ఇవి నడుస్తున్నయి. నూటికి 75 సీట్లు దళిత, ఆదివాసీ, బీసీ, మైనారిటీ పిల్లలకు. మిగిలిన 25 దారిద్ర్యరేఖ దిగువ ఇండ్ల పిల్లలకు. ఎనిమిది దాకా అనుకున్న బడి పదికి పెరిగింది. 2018 నుంచి ఇంటర్ దాకా పెంచుకునే వీలొచ్చింది.

మంచిదే. కానీ రిజిష్టరు నిండితే లెక్క తీరినట్టేనా? కోరుట్ల, జగిత్యాల దిక్కు తల్లి పక్కన కూసొని బీడీలు చుట్టే పిల్ల పేరు అండ్ల ఉన్నదా? ఆదిలాబాద్ చేన్లల్ల పత్తి ఏరే పిల్ల పేరున్నదా?

గోండు పిల్ల చేరినా, ఇంట్ల గోండి, బడిల తెలుగు. చదువు బరువయ్యేది ఆడనే. 1940లల్లనే మార్లవాయిల హైమన్‌డార్ఫ్ గోండు పంతుళ్లను తయారుచేయించి, గోండిలనే చదువు మొదలుపెట్టించిండు. ఆ దారి మనకు కొత్తది గాదు.

ఒక్క సీటు ఖాళీ ఉన్నదంటే, ఒక పిల్ల కూలికి పోయినట్టే లెక్క. బడి కమిటీల కూసున్నప్పుడు ఎంతమంది చేరిండ్రని అడిగి ఊకోవద్దు. ఎవరు చేరలేదో పేర్లు అడుగుదాం. ఆ ఇండ్లకు మనమే పోదాం.